హెడ్‌ఫోన్‌ను ముందు మీ తలకు చూసుకోండి, తర్వాత చెవికి

మీరు అడిగింది ఇదీ: ముప్పై వేల లోపు ఒక మంచి ఆడియోఫైల్ హెడ్‌ఫోన్ కావాలి. ఒకే మోడల్‌ని ఒకరు ఆకాశానికెత్తుతున్నారు, ఇంకొకరు పనికిరాదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? చివర్లో ఇంకో మాట కూడా రాశారు. మీకు కళ్ళజోడు ఉంది, రోజూ రాత్రి రెండు మూడు గంటలు కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు వింటారు.

ఆ చివరి మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. చాలామంది సౌండ్‌కి ఒక మార్కు, కంఫర్ట్‌కి ఇంకో మార్కు విడివిడిగా వేస్తారు. చాలా ఏళ్ళుగా వీటిని కొంటూ, అమ్ముతూ, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుని వింటున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ రెండూ వేరు వేరు విషయాలు కావు. హెడ్‌ఫోన్ మీ తల మీద ఎలా కూర్చుందో దాన్ని బట్టే అది మీకు ఎలా వినిపిస్తుందో తేలుతుంది. ఒకే మోడల్ మీద రెండు రకాల అభిప్రాయాలు రావడానికి సగం కారణం అక్కడే ఉంది.

ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా ఆనుకుంటేనే బేస్, అంటే కింది లోతైన శబ్దం, నిలుస్తుంది. కళ్ళజోడు కాడ దగ్గర చిన్న సందు ఏర్పడినా, ముఖ్యంగా కప్పు వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో, కింది ఫ్రీక్వెన్సీలు అందులోంచి జారిపోతాయి. దీన్ని మీరే పరీక్షించి చూడొచ్చు. మృదంగం తని ఆవర్తనం ఒకటి పెట్టుకుని కళ్ళజోడుతో కాసేపు వినండి, తర్వాత తీసేసి వినండి. మృదంగం ఎడమ ముఖం మీది లోతైన గుమ్కీ మోత ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే మీ కాడల దగ్గర గాలి పోతోందన్నమాట. కళ్ళజోడు లేని రివ్యూయర్ 'బేస్ అద్భుతం' అన్నదీ నిజమే, మీకు పలచగా వినిపించిందీ నిజమే.

పై ఫ్రీక్వెన్సీల సంగతి ఇంకా సున్నితం. చెవి డొప్ప ఆకారం, శబ్దం పుట్టించే డ్రైవర్‌కి చెవికి మధ్య దూరం, కప్పు కొంచెం ముందుకుందా వెనక్కుందా అన్నవి కూడా ట్రెబుల్‌ని, అంటే ఆ పై శబ్దాన్ని, మార్చేస్తాయి. చెవి రంధ్రం తనంతట తానే దాదాపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచుతుంది, ఆ పెరుగుదల ఎక్కడ, ఎంత అన్నది మనిషి మనిషికీ కొంత తేడాగా ఉంటుంది. కొలిచే యంత్రానికి ఒకటే చెవి, మనకి తలో రకం. అందుకని ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తుందో చూపే గ్రాఫులు పనికిరావని అనను. మోడల్ మొత్తం మీద ఎటు మొగ్గుతుందో గ్రాఫు బాగానే చెబుతుంది. గ్రాఫులో కనిపించే సన్నటి శిఖరాలు మీ చెవిలో అక్కడే ఉంటాయని మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో అంటే మా బావగారికి ప్రాణం. దానికి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో బాగా ఎత్తు ఉంటుంది. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి, ఆ ఎత్తు వల్లే వయొలిన్ కమాను రాపిడి, తాళాల మోత స్పష్టంగా తెలుస్తున్నాయంటారు. అదే హెడ్‌ఫోన్‌లో నాకు గాయనుల 'స', 'శ' అక్షరాలు సూదుల్లా గుచ్చుకుంటాయి, సన్నాయి అయితే పావుగంట కూడా వినలేను. వయసుతో పై ఫ్రీక్వెన్సీలు తగ్గి వినిపించడం అందరికీ జరిగేదే. ఆయన అభిప్రాయం తప్పని నేనెలా అంటాను? ఆయన చెవికి అది సరైన హెడ్‌ఫోన్.

ఇష్టాల్లో ఈ తేడాని పరిశోధకులు కూడా చూశారు. హర్మాన్ సంస్థలో షాన్ ఓలివ్, ఆయన సహచరులు 2012 నుంచి హెడ్‌ఫోన్ల మీద, ఏ మోడలో తెలియకుండా వినిపించి చేసిన బ్లైండ్ పరీక్షల నుంచే ఇప్పుడు అందరూ చెప్పుకునే 'హర్మాన్ టార్గెట్', అంటే ఎక్కువమందికి నచ్చే ధ్వని ఎలా ఉండాలో చూపే గీత, వచ్చింది. వాళ్ళ లెక్కలోనే దాదాపు 64 శాతం మంది ఆ టార్గెట్‌కి దగ్గరగా ఉన్న ధ్వనిని మెచ్చుకున్నారు. సుమారు 15 శాతం మందికి అంతకన్నా ఎక్కువ బేస్ కావాలి, 21 శాతం మందికి తక్కువ కావాలి. అంటే అందరికీ నచ్చేలా కొలిచి చేసిన గీత కూడా ముగ్గురిలో ఒకరికి సరిపోలేదు. మీరు ఆ ఒకరు కావచ్చు.

ఇంకో కారణం ఎవరూ పెద్దగా చెప్పరు: ఎంత వాల్యూమ్‌లో వింటున్నాం అన్నది. సౌండ్ తక్కువ పెట్టినప్పుడు మన చెవికి బేస్ సరిగా అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇంట్లో అందరూ పడుకున్నాక చిన్నగా వినేవాళ్ళకి ఏ ఫ్రీక్వెన్సీనీ ప్రత్యేకంగా పెంచని న్యూట్రల్ హెడ్‌ఫోన్ చప్పగా ఉంటుంది, అదే హెడ్‌ఫోన్ గట్టిగా వినేవాళ్ళకి నిండుగా ఉంటుంది. మీరు రాత్రిపూట వింటానన్నారు కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి. దుకాణంలో రెండు మోడళ్ళు పోల్చేటప్పుడు కూడా అంతే, కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుంది. రెంటినీ చెవికి ఒకే స్థాయికి తెచ్చుకున్నాకే తీర్పు చెప్పుకోండి.

రివ్యూ రాసినాయన అంతకుముందు ఏం వినేవాడో కూడా చూడండి. బేస్, ట్రెబుల్ రెండూ ఎక్కువున్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్ నుంచి సెన్‌హైజర్ హెచ్‌డీ 600కి వచ్చినవాడు మొదటి రోజు 'ముసుగు కప్పినట్టుంది' అంటాడు. అదే మనిషి పది రోజులు దాన్నే విని పాతదానికి వెళ్తే, పాతది అరుస్తున్నట్టు ఉంటుంది. వాడేకొద్దీ హెడ్‌ఫోన్ ధ్వని మెరుగవుతుందంటూ చాలామంది 'బర్న్ ఇన్' అని చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఈ అలవాటు, ప్యాడ్‌లు మెత్తబడటం అని నా నమ్మకం.

ఇక హైప్. అందులో అబద్ధం చాలా తక్కువసార్లు ఉంటుంది. 2016లో మాస్‌డ్రాప్ అనే ఆన్‌లైన్ దుకాణం వాళ్ళు సెన్‌హైజర్ హెచ్‌డీ 650ని హెచ్‌డీ 6ఎక్స్ఎక్స్ పేరుతో 200 డాలర్లకి తెచ్చినప్పుడు వచ్చిన పొగడ్తలన్నీ ఆ ధరకి న్యాయమైనవే. కానీ 'ఈ ధరకి ఇంతకన్నా మంచిది లేదు' అన్న మాట కొన్ని నెలల్లోనే 'ఇది అందరికీ నచ్చుతుంది' అన్న మాటగా మారిపోయింది. మెత్తని ధ్వని, గట్టి బిగింపు పడనివాళ్ళు కూడా కొన్నారు, నచ్చలేదని రాస్తే 'నీకు సరైన ఆంప్ (యాంప్లిఫయర్) లేదు' అని జవాబులొచ్చాయి. 2009లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 800 విషయంలోనూ ఇదే జరిగింది. 6 కిలోహెర్ట్జ్ దగ్గర గుచ్చుకుంటోందని కొందరు అంటూనే ఉన్నారు, మిగతావాళ్ళు తప్పంతా వాళ్ళ ఆంప్ మీదకో రికార్డింగ్ మీదకో తోసేవారు. చివరికి సెన్‌హైజరే హెచ్‌డీ 800 ఎస్‌లో సరిగ్గా ఆ చోట శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు పెట్టింది. అందుకే తక్కువమంది చెప్పే ఫిర్యాదుని నేను ఎప్పుడూ జాగ్రత్తగా చదువుతాను. పొగడ్తల కన్నా ఫిర్యాదులో వివరం ఎక్కువ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ప్రకటనలు కూడా చదవండి. ఆర్నెల్లు వాడి ఎందుకు అమ్ముతున్నారో రాసినవాళ్ళు, పెట్టె విప్పిన రోజు రాసినవాళ్ళ కన్నా మీకు ఎక్కువ ఉపయోగపడతారు. అలాంటి చోట్ల నాకు మళ్ళీ మళ్ళీ కనిపించే మాటలు 'బరువు', 'చెమట', 'చెవి నొప్పి'.

ధరని బట్టి కూడా వెళ్ళకండి. 2017లో జెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని చూస్తే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ ధరకీ సంబంధం కనబడలేదు.

ఇప్పుడు తల దగ్గరికి వద్దాం.

బరువొక్కటే చూస్తే మోసపోతాం. ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ 612 గ్రాములు, ఆ అంకె చూడగానే భయమేస్తుంది. హెచ్‌డీ 600 దాదాపు 260 గ్రాములే, కానీ కొత్తలో రెండు వైపులా పట్టుకుని నొక్కుతుంది. మొదటిది గంటన్నర తర్వాత మెడ మీద తెలుస్తుంది, రెండోది అరగంటకే కణతల మీద తెలుస్తుంది. బరువు తల మీద ఎక్కడ పడుతోందన్నది ఇంకా ముఖ్యం. ఏకేజీ కే701 తేలిక, కప్పులు విశాలం, కానీ పైపట్టీ కింద తోలుకి బుడిపెలు ఉండేవి. నాకు నడినెత్తి మీద సరిగ్గా అక్కడక్కడే నొప్పి మొదలయ్యేది. జుట్టు ఒత్తుగా ఉన్న మా తమ్ముడికి అసలు తెలిసేదే కాదు. తర్వాత వచ్చిన కే712 ప్రోలో ఆ బుడిపెలు తీసేసి సాదా పట్టీ ఇచ్చారు.

కప్పు లోపలి కొలత ఎవరూ అడగరు, అడగాలి. ఒక స్కేలు తీసుకుని మీ చెవి పొడవు, వెడల్పు, తల నుంచి ఎంత బయటికి వచ్చిందో ఇంట్లో ఎవరితోనైనా కొలిపించుకోండి. ప్యాడ్ లోపలి ఖాళీ అంతకన్నా ఎక్కువ ఉండాలి. లోతు చాలకపోతే చెవి అంచు లోపలి గుడ్డకి తగులుతుంది, మొదటి పది నిమిషాలు ఏమీ అనిపించదు, గంట తర్వాత అదొక్కటే అనిపిస్తుంది. ఆడవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. మా అమ్మాయి దుద్దులు తీయకుండా ఏ క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోనూ పెట్టుకోలేదు, కొప్పు వేసుకుంటే వెనక ప్యాడ్ ఆనదు. రివ్యూల్లో ఈ మాట దాదాపు కనబడదు, కనబడాలి.

మన వాతావరణం సంగతి. నేను ఉండేది కాకినాడలో. ఇక్కడి ఉక్కపోతలో రెక్సిన్ ప్యాడ్‌లు చెమటకి అంటుకుంటాయి, తలనూనె, తేమ కలిసి కొన్నాళ్ళకి పొరలు పొరలుగా ఊడి చెవి చుట్టూ నల్లగా రాలతాయి. మెత్తని వెలూర్ గుడ్డ ప్యాడ్‌లు గాలి ఆడనిస్తాయి, ఉతుక్కోవచ్చు. అయితే ప్యాడ్ మారిస్తే ధ్వని కూడా మారుతుంది. కంఫర్ట్ కోసం వేరే కంపెనీ ప్యాడ్‌లు వేసి 'ఈ హెడ్‌ఫోన్ పాడైంది' అనుకున్నవాళ్ళు ఉన్నారు. అరిగితే అదే కంపెనీవి వేయించండి.

కప్పు వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ చల్లగా ఉంటుంది, కానీ బయటి శబ్దం లోపలికి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్ అయిదులో తిరుగుతుంటే తంబురా శ్రుతి చివర్లు దానిలో కలిసిపోతాయి. లోపలి పాట బయటికి కూడా వినిపిస్తుంది, పక్కన ఎవరైనా పడుకుని ఉంటే ఆలోచించుకోండి.

పాత సినిమా పాటలన్నారు. 1950లు, 60ల పాటలు ఎక్కువ భాగం మోనో (రెండు చెవులకీ ఒకటే శబ్దం), పై ఫ్రీక్వెన్సీల్లో పెద్దగా సమాచారం ఉండదు. ట్రెబుల్ ఎక్కువున్న హెడ్‌ఫోన్‌లో వాటికి అదనంగా దొరికేది బుస, గరగర మాత్రమే. మధ్య ఫ్రీక్వెన్సీలు, అంటే గొంతు ఉండే చోటు, సరిగ్గా ఉన్న హెడ్‌ఫోన్ చాలు. కేబుళ్ళ మీద డబ్బు పెట్టకండి.

మీ కేసులో నేనైతే ముందు హెచ్‌డీ 600 చూస్తాను. 1997 నుంచి ఉంది, గొంతు దానిలో ఉన్నంత సహజంగా ఆ ధరలో ఇంకెక్కడా నేను వినలేదు, ప్యాడ్‌లు వెలూర్. ఓపెన్ బ్యాక్ కాబట్టి కళ్ళజోడు సందు వల్ల పోయేది కూడా తక్కువే. దాని ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం) 300 ఓమ్‌లు, ఫోన్‌కి నేరుగా పెడితే సౌండ్ చాలకపోవచ్చు, ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే ఒక చిన్న డాక్-ఆంప్‌కి (డిజిటల్ పాటని శబ్దంగా మార్చి బలం పెంచే పెట్టె) బడ్జెట్‌లో చోటు ఉంచుకోండి. బిగింపు గురించి మాత్రం జాగ్రత్త. హెడ్‌ఫోన్‌ని దాని పెట్టె మీద కాస్త సాగేలా కొన్ని రాత్రులు ఉంచితే సడలుతుంది. చేత్తో గట్టిగా వంచకండి, ప్లాస్టిక్ విరుగుతుంది. వీలైతే కాడలు సన్నగా, బల్లపరుపుగా ఉన్న ఫ్రేమ్ ఒకటి వినడానికే పెట్టుకోండి, బిగింపు నొప్పి చాలావరకు ఆ కాడల వల్లే.

అలా చేసినా కణతల దగ్గర నొప్పి పోకపోతే కే712 ప్రో చూడండి. 235 గ్రాములు, కప్పులు పెద్దవి, పట్టు వదులు. గొంతు కొంచెం వెనక్కి పోతుంది, కానీ రెండు మూడు గంటలు పెట్టుకోగలరు. హైఫైమాన్ సుందర లాంటి ప్లానార్‌లు (పలచటి పొర మొత్తం కదిలి శబ్దం చేసే రకం) కూడా ఎవరైనా చెబుతారు. బాగుంటాయి, కానీ వాటి లోతైన బేస్ ప్యాడ్ ఆనడం మీద ఎక్కువగా ఆధారపడుతుంది, కళ్ళజోడు తీయకుండా వినే మనిషికి నేను వాటిని మొదట చెప్పను.

ఏది కొన్నా వాపసు తీసుకునే చోటే కొనండి. లేదా హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్ళే పని ఉంటే పెట్టి చూడనిచ్చే దుకాణంలో కనీసం అరగంట, పాట లేకుండా అయినా సరే, తల మీద ఉంచుకోండి. మీ చెవి కొలతలు, కళ్ళజోడు కాడలు లావా సన్నమా, ఇప్పుడు ఏ హెడ్‌ఫోన్ వింటున్నారో రాయండి. నేను వాడినవాటిలో సరిపోయేవి ఇంకా ఏవైనా ఉంటే చెబుతాను.