శాలువా కాదబ్బయా, చిక్కం!

సమాజంలో గుర్తింపు మనిషికి అవసరమని తత్వవేత్తలు అంటారు కదా, దానివల్ల నష్టం ఉందన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. నాకు మాత్రం ఆ సంగతి పుస్తకాల కంటే ముందు కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేటప్పుడే తెలిసొచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరు 5న నాకు ఉత్తమ ఉపాధ్యాయుడని సన్మానం చేశారు. శాలువా అంచుకి ధర చీటీ అట్టాగే ఉంది. మెమెంటో మీద ఇంటిపేరు తప్పు. అయినా అబద్ధమెందుకు, పిల్లలు చప్పట్లు కొడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికి రెండు నెలల జీతం రావాలి. మర్నాడు వెళ్లి అడిగితే కరస్పాండెంట్ గారు నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు. "మీలాంటివారు కూడా జీతం జీతం అంటే ఎట్టా సార్? మిగతావాళ్లకి నేనేం చెప్పాలి?" అన్నారు. నోరు మూసుకుని వచ్చేశా. అంతకుముందు నెలలో గట్టిగా అడిగినవాణ్ని నేనే.

స్టాఫ్ రూములో లెక్కల సారు విని నవ్వాడు. "అది శాలువా కాదబ్బయా, చిక్కం" అన్నాడు. కుప్ప నూర్చే ఎద్దు గింజ ముట్టకుండా మూతికి కట్టేదన్నమాట. ఆ తర్వాత ఆదివారం క్లాసులు, ఎండాకాలం ఇల్లిల్లూ తిరిగే అడ్మిషన్లు అన్నీ నాకే. మంచి సారు కదా, కాదనడు.

ఆక్సెల్ హోనెత్ అనే జర్మన్ తత్వవేత్త 1992లో వచ్చిన పుస్తకంలో ప్రేమ, హక్కులు, మెప్పు ఈ మూడూ అందకపోతే మనిషి తనను తాను నమ్ముకోలేడన్నాడు. ఆ తర్వాతి ఒక వ్యాసంలో, పొగడ్త మనిషిని లొంగదీసే పనిముట్టు కూడా అవుతుందని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయనిచ్చిన ఉదాహరణల్లో మంచి ఇల్లాలు ఒకటి. అది చదవగానే కందుకూరు దగ్గరుండే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. "మా పెద్దకోడలు బంగారం" అనిపించుకుంటూ ముప్పై ఏళ్లు ఇటు పొయ్యి దగ్గర, అటు పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర మాడింది. ఆమె పేరున సెంటు భూమి లేదు. పొగడ్త నిజమైందో కాదో తేల్చడానికి హోనెత్ చెప్పిన గుర్తు కూడా ఇదే: దాని వెంట చేతికందే మార్పు ఏమైనా వచ్చిందా?

అమెరికాలో నాన్సీ ఫ్రేజర్ అనే తత్వవేత్త 1995లో ఇంకాస్త కటువుగా చెప్పింది. గుర్తింపు గొడవలో పడి డబ్బు, సంపద పంపకం మాట వెనక్కి పోతోందని. నా రెండు నెలల జీతం లాగా. పైగా గుర్తింపు పేరుతో మనుషుల్ని ఒక మూసలో బిగించేస్తాం అని కూడా తర్వాత రాసింది. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. మా క్లాసులో ఒక యానాది తెగ అమ్మాయి మ్యాపులు అచ్చు గుద్దినట్టు గీసేది. స్కాలర్‌షిప్‌కి కులం సర్టిఫికెట్ కావాల్సిందే, అది ఆ పిల్ల హక్కు. కానీ మెచ్చుకున్న ప్రతివాళ్లూ "యానాదుల్లో పుట్టి ఎంత తెలివో" అనేవాళ్లు. నేనూ ఒకసారి అన్నా, పొగుడుతున్నాననుకునే. ఆ పిల్ల పెన్సిల్ చెక్కుకుంటూ ఉండిపోయింది, తలెత్తలేదు.

వీళ్లందరికీ మూలం జర్మన్ తత్వవేత్త హెగెల్ 1807లో చెప్పిన యజమాని, బానిస కథ. తను మనిషిగా లెక్కచెయ్యని బానిస పెట్టే దండంతో యజమానికి తృప్తి ఉండదంటాడు. నాది తిరగేసిన కథ. నన్ను లెక్కచెయ్యని మనిషి మెప్పు కోసం నేను రెండేళ్లు ఎదురుచూశాను.

తర్వాత ఆ స్కూలు మానేసి ఒంగోలు వచ్చేశా. ఇంతా చెప్పి, కొత్త స్కూలుకిచ్చిన బయోడేటాలో ఆ అవార్డు మొదటి లైన్లోనే రాశాను. జీతం పదిహేను వందలు ఎక్కువే ఇచ్చారు.