అన్‌కన్వెన్షనల్ అంటే సంప్రదాయ విరుద్ధమేనా?

సందేహం: ఒకావిడ గురించి వ్యాసం రాస్తూ ‘ఆమె సంప్రదాయ విరుద్ధంగా జీవించారు’ అన్నాను. నా ఉద్దేశం అన్‌కన్వెన్షనల్‌గా బతికారని. అది చదివిన మిత్రుడు ‘తిట్టినట్టుంది, అసాంప్రదాయికంగా అని మార్చండి’ అన్నాడు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడు పసిగట్టింది నిజమే. ‘విరుద్ధం’ అనగానే ఆవిడ సంప్రదాయం మీద కయ్యానికి దిగినట్టు వినిపిస్తుంది. తన మానాన తాను వేరేగా బతికిన మనిషికి ఆ మాట అన్యాయం చేస్తుంది. అలాగని ‘అసాంప్రదాయికం’ కూడా నాకు నచ్చదు. వ్యాకరణానికి నిలుస్తుంది గానీ నోటికి ఎక్కదు. (పనిలో పనిగా ఒక మాట: నామవాచకం సంప్రదాయం, విశేషణం సాంప్రదాయిక. చాలామంది రాసే ‘సాంప్రదాయం’ తప్పు.)

అసలు చిక్కు ‘సంప్రదాయం’ దగ్గరే ఉంది. అందులోని ‘దా’ ధాతువుకి ఇవ్వడమని అర్థం. పెద్దవాళ్ల చేతి నుంచి మనకు అందింది సంప్రదాయం. కన్వెన్షన్ అలా అందిందే కానక్కర్లేదు. నలుగురూ ఇలా నడుచుకుందామని ఒప్పుకుంటే చాలు, నిన్న మొన్న పుట్టిందైనా కన్వెన్షనే. దానికి మనకు చక్కటి మాట ఉంది: కట్టుబాటు. ఏర్పడు నుంచి ఏర్పాటు, పొరపడు నుంచి పొరపాటు వచ్చినట్టే కట్టుబడు నుంచి కట్టుబాటు వచ్చింది. జనం కట్టుబడి ఉన్నన్నాళ్లే దాని ఉనికి. ఆ సంగతి మాటలోనే కనిపిస్తోంది చూడండి!

గిడుగు రామమూర్తి (1863–1940) గారినే తీసుకోండి. గ్రాంథికంలోనే రాయాలన్న కట్టుబాటును ఆయన ఒప్పుకోలేదు. కానీ అందుకు ఆధారాలు వెతికింది ఎక్కడ? పూర్వకవుల ప్రయోగాల్లోనే. పాత గ్రంథాలను అంత శ్రద్ధగా గాలించిన మనిషిని సంప్రదాయ విరోధి అనడానికి నాకు మనసొప్పదు.

వస్తువుల విషయంలో ఇబ్బంది లేదు. పత్రికల్లో ‘సంప్రదాయేతర ఇంధన వనరులు’ అని ఎప్పటినుంచో వాడుతున్నారు. సౌరవిద్యుత్తుకి బొగ్గుతో విరోధమేమీ లేదు, అది వేరు, ఇది వేరు. ‘ఇతర’ అన్న చిన్న మాట ఆ తేడాను బాగా పట్టింది. మనిషిని మాత్రం ‘సంప్రదాయేతర వ్యక్తి’ అంటే ఫైల్లో రాసుకున్నట్టుంటుంది. ఇక వింత, విడ్డూరం, పెడపోకడ లాంటివి చూసేవాళ్ల అభిప్రాయాన్ని చెబుతాయి తప్ప ఆ మనిషి గురించి ఏమీ చెప్పవు. వాటి జోలికి పోకండి.

మీ వాక్యాన్ని ‘ఆమె కట్టుబాట్లను పట్టించుకోకుండా తనకు తోచినట్టు బతికారు’ అని మార్చి చూడండి.

‘కొత్త ఒరవడి’ అనే మాట కూడా మీకు తట్టి ఉండొచ్చు. ఒరవడి అంటే పిల్లలు చూసి దిద్దుకోవడానికి గురువు రాసిచ్చే మేలుబంతి. పై వరసలో గురువు అక్షరాలు, కింద అంతా పిల్లవాడి వంకర టింకర గీతలు. అంటే వెనక దిద్దేవాళ్లు ఉంటేనే అది ఒరవడి. ఆవిడను చూసి మరికొందరు ఆ బాట పట్టి ఉంటే ‘కొత్త ఒరవడి పెట్టారు’ అని నిక్షేపంగా రాయండి. లేకపోతే ‘తన దారి తనదే అన్నట్టు బతికారు’ అంటే సరిపోతుంది.