ప్రశ్న అడిగితే క్రమశిక్షణ తప్పినట్టేనా?

ప్రశ్న: మాది ఒడిశాలో పర్లాకిమిడికి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ బడిలో ఒడియా. గ్రామ పంచాయతీ పాఠం చెబుతుండగా, అయిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి లేచి, ఒడియాలో మొదలుపెట్టి, మాట అందక తెలుగులోకి దిగి, ‘మరి మా వీధి కుళాయికి నీళ్లెందుకు రావు?’ అని అడిగాడట. ‘ప్రశ్నలు తగ్గించి పాఠం చదివించండి’ అని నాకు కబురొచ్చింది. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న మా ఆడపడుచు మాత్రం విమర్శనాత్మక బోధన అంటే ఇదేనంటోంది. గురువుకు ఎదురుచెప్పడమేనా అది?
– ఒక తల్లి, గజపతి జిల్లా

జవాబు: కాదమ్మా. పాఠాన్ని తమ బతుకుతో ముడిపెట్టి పిల్లలు ప్రశ్నించేలా నేర్పడమే విమర్శనాత్మక బోధన. ఈ ఆలోచనకు ప్రసిద్ధి తెచ్చిన బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీ (1921–1997) గురువు పెత్తనాన్ని కాదన్నారు కానీ గురువు బాధ్యతను కాదనలేదు. ఖాతాలో డబ్బు జమచేసినట్టు పిల్లల బుర్రల్లో పాఠం వేసి, పరీక్షనాడు తిరిగి తీసుకునే చదువు ఆయనకు నచ్చలేదు. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్ అనే ఊళ్లో దాదాపు మూడు వందల మంది కూలీలకు సుమారు నలభై గంటల్లో అక్షరాలు నేర్పించారు. ఆ పద్ధతిలో పాఠం ‘ఇటుక’ వంటి వాళ్ల పనిలోని మాటతో మొదలై, ఆ ఇటుక ఎవరి ఇంటికి వెళుతోందన్న చర్చ దాకా సాగేది. చదువురానివారికి అప్పట్లో అక్కడ ఓటు లేదు కనుక, అక్షరం నేర్పడమంటే ఓటరును తయారుచేయడమే. 1964లో సైన్యం గద్దెనెక్కాక ఆయనను జైలులో పెట్టింది, ఆపైన ప్రవాసం తప్పలేదు.

అంత దూరం పోనక్కరలేదు. మీ పర్లాకిమిడి రాజావారి బడిలో పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల భాష తామే నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో వారికి బడులు నడిపారు. ముందు నేర్చుకున్నది గురువు. మీ అబ్బాయి మధ్యలో తెలుగులోకి దిగడాన్ని నేను తప్పనుకోను; అడగడానికి భాష లేని పిల్లవాడి మౌనాన్నే మన బడులు తరచూ క్రమశిక్షణ అనుకుంటాయి. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలనీ, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలనీ 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ చెబుతోంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించే ప్రయత్నం చేయమంటోంది. పుస్తకాలూ ఉపాధ్యాయులూ లేనిచోట ఇవి కాగితం మీదే ఉండిపోతాయన్నదీ నిజమే.

అదే చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. తదుపరి సమావేశానికి వెళ్లండి. మాస్టారి మీద ఫిర్యాదుగా కాక, ఒక లెక్కగా విషయం ఎత్తండి: కుళాయి రోజుకు ఎన్ని నిమిషాలు వస్తోంది, వారంలో ఎన్ని బిందెలు నిండుతున్నాయి, పై వీధికి ఎన్ని? పిల్లలు తెలుగులో లెక్కపెట్టి, ఒడియాలో రాసి, ఆ కాగితం సర్పంచికి ఇస్తే లెక్కలు, భాష, పంచాయతీ పాఠం మూడూ అయినట్టే. ఒడియా వాక్యాలు దిద్దే పని మాత్రం ఆ మాస్టారికే అప్పగించండి.