నీ పేరు మీదే కొను, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హలో అనే లోపలే "అంతా నీ వల్లే, నిన్ను చూసే అది ఇలా తయారైంది" అంది. తర్వాత తెలిసింది, నువ్వు గచ్చిబౌలి ఉద్యోగం మానేస్తున్నావని, బ్లాగు పెట్టుకుని, దాంతో పాటు చిన్న షాపులవాళ్ళకి ఆన్‌లైన్ మార్కెటింగ్ చేసిపెడతావని. అక్కకి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఒకవైపు సంతోషం, ఒకవైపు గుండెదడ. పన్నెండింటికి లేచి కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

నిన్ను ఆపాలని రాయట్లేదు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సెలవులకి వనస్థలిపురం వచ్చి, నా వంటల సైటుకి ఫొటోలు తీస్తుంటే నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదానివి. "పిన్నీ, గోంగూర ఇత్తడి గిన్నెలో పెట్టు, స్టీలు గిన్నెలో ట్యూబ్‌లైటు కనిపిస్తోంది" అన్నావు ఒకసారి. ఇప్పటికీ ఇత్తడి గిన్నెలోనే పెట్టి ఫొటో తీస్తాను. ఈ పనికి కావాల్సిన కన్ను నీకుంది.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే, ఒక్కసారి చెప్పేస్తాను. ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నాకే దిగు. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇన్సూరెన్సు కూడా పోతుంది, చివరి రోజు రాకముందే సొంతంగా హెల్త్ పాలసీ తీసుకో. పీఎఫ్ ముట్టుకోకు, సర్వీసు ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ఇక నీ పన్ను జీతంలో కోసి కట్టేవాళ్ళు ఉండరు, జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో పదిహేనో తేదీలోపు అడ్వాన్స్ టాక్స్ నువ్వే కట్టుకోవాలి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోర్సుల బోర్డులు చూసి వేలకి వేలు పోయకు. గూగుల్ యాడ్స్ పాఠాలూ సర్టిఫికెట్టూ గూగుల్ వాళ్ళ స్కిల్‌షాప్ సైటులో ఉచితంగానే ఉన్నాయి. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని రాస్తే, ఇది ప్రకటన అని పైనే చెప్పు. ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ ఆస్కి 2021లోనే ఆ నియమం పెట్టింది. పెట్టకపోయినా చెప్పాల్సిందే.

పనిలో పడ్డాక నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. ఆవకాయ పెట్టేది ఏప్రిల్, మే నెలల్లో కదా. మొదటి రెండేళ్ళు నేను ఆవకాయ కలిపిన రోజే ఫొటోలు తీసి, ఆ రాత్రే పోస్టు పెట్టేదాన్ని. చదివేవాళ్ళే లేరు. కొత్త పేజీని గూగుల్ చూసి దానికొక చోటు ఇవ్వడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఈలోపు అందరి ఇళ్ళలో జాడీలకి వాసెన కట్టేస్తారు. అప్పటినుంచి ఈ ఏడాది తీసిన ఫొటోలు దాచుకుని వచ్చే ఫిబ్రవరిలో పెట్టడం మొదలుపెట్టాను. అరిసెలైతే దసరాకే రాసేయాలి.

గోంగూర అనే మాటని అమెరికాలో మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు 'యు' పెట్టి, ఇంకొకరు రెండు 'ఓ'లు పెట్టి కొడతారు. ఎవరు ఏ మాట కొట్టి నా దగ్గరికి వచ్చారో రోజూ పుస్తకంలో రాసుకునేదాన్ని. నువ్వూ రాసుకో. పత్తర్‌గట్టిలో ముత్యాలు అమ్మే ఆయన తన సరుకుని ఏ పేరుతో పిలుస్తాడో ఆయనకి తెలుసు. కొనేవాళ్ళు ఏమని వెతుకుతారో ఆయనకి నువ్వు చెప్పాలి. తెలుగులో కూడా రాయి. మన పేజీల్లో ప్రకటనలు వేసి మనకి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకి 2018లో వచ్చింది, అంతవరకు నేను ఇంగ్లీషులోనే రాయాల్సి వచ్చింది. నీకు ఆ ఇబ్బంది లేదు.

ఇక నేను లేచి కూర్చున్నది దేనికో చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2008లో సైటు పెట్టినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో వెబ్‌సైట్లు చేసే ఒకబ్బాయి దగ్గరికి మీ బాబాయి తీసుకెళ్ళారు. మంచి పిల్లాడే. సైటుకి అనుకున్న పేరు, అదే డొమైన్, దొరికింది. "ఆంటీ, మీ మెయిల్ ఐడీ ఇస్తారా" అని అడిగాడు. నేను "నాకెందుకు బాబూ, నువ్వే చూసుకో" అన్నాను. తన మెయిల్‌తో, తన పేరు మీదే కొన్నాడు. అతని తప్పేముంది? అడిగాడు, నేనే వద్దన్నాను.

యాడ్‌సెన్స్ ఖాతా తెరిచేటప్పుడూ అంతే. నాకప్పుడు పాన్ కార్డు లేదు, సొంత బ్యాంకు ఖాతా లేదు. మీ బాబాయి పేరు ఇచ్చేశాం. సంపాదన పది డాలర్లు అయ్యాక అడ్రసు సరిచూడ్డానికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపిస్తారు. చిన్న మడత కాగితం, అంచులు చింపి తెరవాలి. పోస్ట్‌మన్ తలుపు కొడితే చేతికున్న కారం కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వెళ్ళి తీసుకున్నాను. దాని మీద మీ బాబాయి పేరు. వంద డాలర్లు దాటాక వచ్చిన మొదటి చెక్కు మీదా ఆయన పేరే. ఆయన దాన్ని వీధంతా చూపించి "మా ఆవిడ సంపాదన" అని చెప్పుకున్నారు. ఆయనది వెన్నలాంటి మనసు, నీకు తెలుసు. కానీ రాసేది నేను, సైటు ఒకరి పేరు మీద, డబ్బు ఇంకొకరి పేరు మీద. అందరూ నాకిది కాలక్షేపం అనేవారు. నేనూ అదే అనుకున్నాను.

ఐదేళ్ళు ఏటా రెన్యువల్ డబ్బు ఆ అబ్బాయి చేతిలో పెట్టేవాళ్ళం. 2013 ఫిబ్రవరిలో ఒక పొద్దున సైటు తెరిస్తే నా పేజీ లేదు, ఎవరివో ప్రకటనలున్నాయి. సర్వర్ పాడైందేమో, అదే వస్తుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు చూసి ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యట్లేదు. ఉద్యోగం వచ్చి ఊరు మారాడట. రెన్యువల్ చెయ్యమని వచ్చిన మెయిళ్ళన్నీ ఎవరూ తెరవని ఇన్‌బాక్సులో పడ్డాయి.

అప్పటికీ టైముంది బుజ్జీ. ఇదే నన్ను తినేస్తుంది. డాట్‌కామ్ పేరు గడువు దాటిన రోజే చేజారిపోదు. అమ్మిన కంపెనీని బట్టి నెలో నెలన్నరో మామూలు డబ్బుకే రెన్యువల్ చేసుకోనిస్తారు. అదీ దాటితే ఇంకో 30 రోజులు, బాగా ఎక్కువ ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఐదు రోజులు ఎవరూ ఏమీ చెయ్యడానికి లేదు. ఆపైన ముందు ఎవరు కొంటే వాళ్ళది. అంటే నాకు రెండు నెలలకి పైనే ఉంది. ఏం చేశాను? ఎవరికీ చెప్పలేదు. మీ బాబాయికి మార్చి నెల ఆఫీసు లెక్కలు, అన్నయ్యకి ఇంజనీరింగ్ పరీక్షలు. నా వంటల సైటు కోసం వీళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకు అనుకున్నాను. ఏప్రిల్ చివర్లో, సరిగ్గా జనం ఆవకాయ కోసం వచ్చే వారంలో, డల్లాస్ నుంచి ఎప్పుడూ చదివే ఒకావిడ ఫోన్ చేసింది. "ఆంటీ, మీ సైటు తెరిస్తే పేకాట వస్తోంది, మీకు తెలుసా?" అని. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

వంటలు పోలేదు. కరెంటు లేనప్పుడు రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కులు తొమ్మిది ఉన్నాయి. పోయినవి చదివినవాళ్ళు రాసిన కామెంట్లు. ఏలూరు నుంచి ఒకావిడ, పోయిన వాళ్ళ అత్తగారు దోసావకాయకి ఉప్పు ఎన్ని ఎండలు ఎండబెట్టి దంచేవారో ఎంతో పొడుగ్గా రాసింది. అన్నయ్య పరీక్షలయ్యాక, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికి కొన్ని పేజీలు తీసిచ్చాడు. అది మాత్రం దొరకలేదు. ఆవిడ పేరు కూడా నాకిప్పుడు గుర్తు రావట్లేదు. ఆ జూన్‌లోనే పాన్ కార్డుకి అప్లై చేశాను. నువ్వు ఇప్పుడు చూస్తున్న సైటు ఆ తర్వాత మొదటినుంచి కట్టుకున్నది.

కాబట్టి, డొమైన్ నీ పేరు మీద, నీ మెయిల్‌తో, నీ ఫోన్ నంబరుతో కొను. ఆఫీసు మెయిల్ ఇచ్చావంటే ఊరుకోను, వచ్చే నెల నుంచి అది నీది కాదు. ఒకేసారి పదేళ్ళ దాకా కట్టుకోవచ్చు, కనీసం ఐదేళ్ళకి కట్టు. బ్యాంకు ఖాతా నీ ఒక్కదానిదే ఉండాలి. మీ నాన్న ఖాతాలో వెయ్యమంటే పిన్ని వద్దందని చెప్పు. రేపు పెళ్ళయ్యాకా ఇదే మాట. నీ రాతలూ, కామెంట్లూ నెలనెలా ఇంట్లో హార్డ్‌డిస్కులోకి ఎక్కించు. చదివేవాళ్ళ మెయిల్ ఐడీలు అడిగి దాచుకో. 2024 ఆగస్టు నుంచి మన దగ్గర కూడా గూగుల్ వెతుకులాటలో ఏఐ జవాబు పైనే వచ్చేస్తోంది, లోపలికి వచ్చి చదవాల్సిన అవసరం లేదనుకునేవాళ్ళు ఉంటారు. నిన్ను కావాలనుకునేవాళ్ళకి నువ్వే ఉత్తరం రాసుకోగలగాలి.

ఇంకొక్క భయం నాకు. రేపు నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో నాలాంటి ఆవిడ ఒకత్తె ఉంటుంది. ఇంట్లో పొడులు కొట్టి అమ్ముకునే ఆవిడో, బ్లౌజులు కుట్టే ఆవిడో. "నాకెందుకమ్మా, నువ్వే చూసుకో" అంటుంది. సరేనని అనకు. ఎంత పని ఒత్తిడిలో ఉన్నా అనకు. ఆవిడని పక్కన కూర్చోబెట్టి, ఆవిడ ఫోన్‌కే ఓటీపీ వచ్చేలా పెట్టు. గూగుల్‌లో షాపు వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైల్‌లో ఓనరు ఆవిడ, నువ్వు మేనేజరువి. యాడ్స్ ఖాతా ఆవిడది, నీ ఖాతాకి లింకు చేసుకో చాలు. రెన్యువల్ తేదీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, వంటింటి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోమను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పు, విసుక్కోకు.

తెల్లారిపోతోంది, పాలవాడు వచ్చే వేళయింది. ఆదివారం రా. అక్కని కూడా వెంటబెట్టుకుని రా, తనతో నేను మాట్లాడతాను. పేరు ఇంకా కొనలేదు కదా? నా పక్కన కూర్చుని కొను. మెయిల్ నీది, కార్డు నీది. ఐదేళ్ళ డబ్బు నేనిస్తాను, కవర్లో పెట్టి ఉంచాను.

పిన్ని