డచ్ సొంతంగా నేర్చుకునేవాళ్లకు: వెన్నెముకగా ఒక్క కోర్సు, దాని చుట్టూ మిగతావి

ప్రశ్న సారాంశం ఇది: డచ్ ఒక్క ముక్క కూడా రాదు, ఇంగ్లీషు వచ్చు, క్లాసుకు వెళ్లే వీలు లేదు, రోజుకు గంట దొరుకుతుంది. ఇప్పటికే రెండు యాప్‌లు, ఒక ఆడియో కోర్సు, ఒక పాఠ్యపుస్తకం పోగయ్యాయి. ఏది ముందు, ఏది వెనక? ఎన్నాళ్లు పడుతుంది?

ముందు ఆ పోగును తగ్గించండి. సొంతంగా డచ్ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవాళ్లలో చాలామందికి కోర్సులు తక్కువై కాదు, ఎక్కువై చిక్కు వస్తుంది. మూడు కోర్సుల్లో మొదటి ఐదు పాఠాలు చేస్తే పదిహేను పాఠాలు చేసినట్టు ఉంటుంది. నిజానికి ‘నా పేరు ఫలానా, నేను ఫలానా ఊళ్లో ఉంటాను’ అన్నదే మూడుసార్లు చేసినట్టు. ఒక్క కోర్సును వెన్నెముకగా పెట్టుకుని చివరిదాకా వెళ్లండి, మిగతావి చేదోడుగా ఉండనివ్వండి.

వెన్నెముక కోర్సుకు మూడు లక్షణాలు ఉండాలి. ప్రతి పాఠానికీ మామూలు వేగంతో చదివిన ఆడియో, ఆ ఆడియోలోని మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసిన పాఠం, జవాబులతో అభ్యాసాలు. ఆడియో లేని పుస్తకం డచ్‌కు పనికిరాదు, ఎందుకో కింద చెబుతాను. పాఠం రాసి ఇవ్వని ఆడియో కోర్సు నాలుక తిప్పడానికి బాగుంటుంది కానీ, దానితో చదవడం, రాయడం రావు. యాప్ రోజుకు పది పదిహేను నిమిషాలు మాటలు మర్చిపోకుండా ఉండటానికి మంచిదే. వరసగా ఎన్ని రోజులు చేశామన్న లెక్క పెరుగుతూ పోతుంది గానీ, యాప్ ఒక్కదాని మీదే నడిచినవాళ్లు నాలుగు వాక్యాలు వరసగా చెప్పమంటే తడబడతారు. అక్కడ మాటలు ఎదురుగా పేర్చి ఉంటాయి, ఎంచుకోవడమే పని. మాట్లాడేటప్పుడు అవి మనలోంచి రావాలి.

అసలు ఈ భాష ఎలా ఉంటుందో రుచి చూడాలంటే గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఫ్యూచర్‌లెర్న్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో పెట్టిన పరిచయ కోర్సు చిన్నది, చక్కనిది. వెన్నెముకగా నిలిచే పద్ధతుల్లో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన డెల్ఫ్ట్ పద్ధతికి పేరుంది. అందులో వ్యాకరణం పాఠాలుగా ఉండదు. ప్రతి పాఠం ఒక చిన్న వ్యాసం, దాని ఆడియో, తర్వాత అదే వ్యాసం మాటలు తీసేసిన ఖాళీలతో. కష్టంగానే ఉంటుంది, కానీ చెవికి బాగా పనిచేస్తుంది. వ్యాకరణం విడమరిచి చెబితే తప్ప మనసొప్పనివాళ్లు ఇంగ్లీషులో వివరించే పాఠ్యపుస్తకమే పట్టుకోవచ్చు. పని చేసే తీరు మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ తీరు ఇది. పాఠం చూడకుండా ఆడియో రెండుసార్లు వినండి. తర్వాత పాఠం చూస్తూ వినండి. తెలియని మాటలకు అర్థాలు అప్పుడే రాసుకోవాలి, ముందు కాదు. ఆపైన వాక్యానికో చోట ఆపుతూ, గొంతెత్తి, అదే రాగంతో తిరిగి చెప్పండి. మనసులో చదువుకుంటే లెక్కలోకి రాదు. పాఠం మూసేసి, ఆడియో వింటూ రాయండి. తప్పులు ఎర్రసిరాతో దిద్దుకోండి. ఇదంతా ఒక పాఠానికి రెండు మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. కొత్త పాఠం మొదలుపెట్టే ప్రతిసారీ ఐదు పాఠాల వెనకటి ఆడియో ఒకసారి వినండి. అప్పుడు అర్థం కానిది ఇప్పుడు ఎంత తేలికగా ఉందో చూసుకోవడమే అసలైన ప్రగతి పత్రం.

ఇక ఉచ్చారణ. ఇక్కడ చాలామంది ఇంగ్లీషును నిచ్చెన చేసుకుని పడిపోతారు. తెలుగును చేసుకుంటే సగం పని ముందే అయిపోయినట్టు. (కింద డచ్ మాటలు తెలుగు లిపిలో రాస్తున్నాను. ఇది ఊతకర్రే, ఆడియోకు బదులు కాదు.)

డచ్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది. మన్ అంటే మగవాడు, మాన్ అంటే చంద్రుడు. జొన్ అంటే సూర్యుడు, జోన్ అంటే కొడుకు. బెన్ అంటే ఉన్నాను, బేన్ అంటే కాలు. ఎ, ఏ, ఒ, ఓ విడివిడిగా ఉన్న తెలుగువాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన సొత్తు. క, త, ప లను గాలి వదలకుండా పలకడం కూడా అంతే. ఇంగ్లీషువాళ్లు మానుకోలేని ఆ ఊపిరి మనకు అసలే లేదు. ఒక్క జాగ్రత్త: ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. నాలుక వెనక్కి మడవకుండా, పైపళ్ల వెనక చిగురుకు తాకించండి. అందుకే ఇక్కడ త, ద అని రాస్తున్నాను.

ఇంగ్లీషులో ‘డబ్ల్యూ’ అని పిలిచే అక్షరం నెదర్లాండ్స్ డచ్‌లో దాదాపు మన ‘వ’. నీళ్లంటే వాతర్. ‘వి’ అనే అక్షరాన్ని మాత్రం మాట మొదట్లో చాలామంది ‘ఫ’కు దగ్గరగా పలుకుతారు. కాబట్టి తండ్రి ఫాదర్, నాలుగు ఫీర్. రెండింటికీ ‘వ’ వాడితే వినేవాళ్లు తికమకపడతారు.

మనకు లేనివి నాలుగైదు ఉన్నాయి. వాటి మీద మొదటి రెండు వారాలు రోజుకు పది నిమిషాలు పెట్టాలి. ‘జి’ అక్షరం గొంతులోంచి గరగరమంటూ వచ్చే శబ్దం. ఉర్దూ మాటల్లోని ఖ విన్నవాళ్లకు అది తెలుసు. ఇక్కడ ఖ అని రాసిందల్లా అదే. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో, నెదర్లాండ్స్ దక్షిణాన ఇది మెత్తగా వస్తుంది. ఎక్కడ ఉండబోతున్నారో అక్కడి ఆడియోనే ఎంచుకోండి. రాత మాత్రం రెండు చోట్లా ఒకటే. అచ్చుల్లో మూడు కొత్తవి. పెదవులు ఈల వేసేటట్టు గుండ్రంగా పెట్టి ‘ఈ’ అనండి, అది ఒకటి. ‘ఇప్పుడు’ అనే డచ్ మాటలోని అచ్చు అదే. అలాగే పెదవులు గుండ్రంగా పెట్టి ‘ఏ’ అంటే తలుపు, ముక్కు అనే మాటల్లోని అచ్చు. మూడోది ఇల్లు అనే మాటలోది. పెదవులు కొంచెం గుండ్రంగా పెట్టి ‘అ’తో మొదలుపెట్టి మొదటి కొత్త అచ్చులోకి జారాలి. హౌయ్స్ అని రాసుకుందాం గానీ, అది హౌస్ కాదు. అద్దం ముందు చేస్తే త్వరగా పట్టుబడుతుంది. నవ్వొస్తే నవ్వుకోండి, చూసేవాళ్లెవరూ లేరు.

రాసినట్టు పలకని చోట్లు రెండు గుర్తుంచుకుంటే చాలు. మాట చివరి బ, ద లు ప, త లవుతాయి. కుక్క రాతలో ‘హొంద్’, నోట్లో ‘హొంత్’. తెలుగు వ్యాకరణంలోని గసడదవాదేశం పరుషాన్ని మెత్తబరిస్తే, ఇది సరళాన్ని గట్టిపరుస్తుంది. రెండోది, మాట చివరి ‘అన్’లో న కారాన్ని చాలామంది మింగేస్తారు. రేపు అనే మొర్ఖన్ చెవికి మొర్ఖ అని వినిపిస్తుంది. పుస్తకంతో నేర్చుకుని ఆడియో వినని వాళ్లకు ‘వీళ్లేదో వేరే భాష మాట్లాడుతున్నారు’ అనిపించేది ఇక్కడే.

పరుషాలు, సరళాలు అన్న బడి పాఠం ఇంకోచోట కూడా అక్కరకొస్తుంది. డచ్ భూతకాలంలో క్రియ మూలం పరుష ధ్వనితో ముగిస్తే ‘త’, లేకపోతే ‘ద’ చేరుతుంది (ఫ, స, ఖ లనూ ఇక్కడ పరుషాలుగానే లెక్కపెట్టాలి). పని చేయడం వెర్కన్, చేశాను వెర్క్‌త. ఫోన్ చేయడం బెల్లన్, చేశాను బెల్‌ద. పాఠ్యపుస్తకాలు దీనికోసం త, క, ఫ, స, ఖ, ప హల్లులన్నీ కలిపి ఒక గుర్తుమాట కంఠతా పట్టిస్తాయి. పరుషమా కాదా అని నోటితో చూసుకుంటే ఆ గుర్తుమాట అక్కర్లేదు. చూడాల్సింది మాత్రం క్రియ మూలరూపంలోని హల్లును. రాతలో అది చివర ‘ఫ’గా మారిన క్రియలు కొన్ని ఉన్నాయి, మొదట్లో అందరూ తప్పేది అక్కడే.

వాక్యం సంగతి. ‘నేను నిన్న ఒక పుస్తకం చదివాను’ డచ్‌లో ‘ఇక్ హెప్ ఖిస్తరన్ అన్ బూక్ ఖలేజన్’. రెండో స్థానంలోని హెప్ అన్న సహాయక క్రియను పక్కన పెడితే మిగిలినదంతా తెలుగు వరసే: నేను, నిన్న, ఒక, పుస్తకం, చదివిన. ‘ఎందుకంటే’ అర్థమిచ్చే ఒమ్‌దత్ వచ్చిందంటే క్రియ మొత్తం చివరికే పోతుంది: ‘ఒమ్‌దత్ ఇక్ జీక్ బెన్’, అంటే నాకు ఒంట్లో బాలేదు కాబట్టి. ఇంగ్లీషులోంచి మాటకు మాట పెట్టుకుంటూ వచ్చేవాళ్లు ఇక్కడ నెలల తరబడి తప్పుతారు. ఇలాంటి వాక్యాలను తెలుగులోంచి ఆలోచించి కట్టండి.

మరి తెలుగు మోసం చేసేదెక్కడంటే, ప్రధాన వాక్యంలో. అక్కడ క్రియ రెండో స్థానంలోనే ఉండాలి, మొదటి స్థానంలో ఏముందన్న దానితో పనిలేదు. ‘మొర్ఖన్ ఖా ఇక్ నార్ హౌయ్స్’ (రేపు ఇంటికి వెళ్తాను). ఇక్కడ రేపు ముందుకొచ్చింది కాబట్టి ‘నేను’ క్రియ వెనక్కి పోయింది. ‘మొర్ఖన్ ఇక్ ఖా’ అనడం మొదటి ఆరు నెలల్లో అందరూ చేసే తప్పు. దీనికి మందు ఒకటే. పాఠంలోని ఏ వాక్యాన్నైనా తీసుకుని, రేపు, ఇప్పుడు, ఇక్కడ అన్న మాటల్లో ఒకదాన్ని ముందుకు తెచ్చి మళ్లీ చెప్పండి. రోజుకు పది వాక్యాలు చాలు. ముక్కలయ్యే క్రియలకూ ఇదే అభ్యాసం. ఒప్‌బెల్లన్ (ఫోన్ చేయడం) వాక్యంలో ‘ఇక్ బెల్ యె మొర్ఖన్ ఒప్’ అని విడిపోతుంది. ఆ చివరి ముక్క మర్చిపోవడం పరిపాటి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం వేధించేది ద, హెత్. ఇంగ్లీషు ‘ది’లా నామవాచకాల ముందు వచ్చే ఈ రెండు మాటలకు తెలుగులో సాటి లేదు, అందుకే మనవాళ్లు ఏకంగా వదిలేస్తారు. ఎక్కువ మాటలకు ద వస్తుంది. బహువచనానికి ఎప్పుడూ ద. ‘చిన్ని’ అనే అర్థంలో చివర ‘యె’ చేరిన ఏకవచనానికి ఎప్పుడూ హెత్. మిగతాది కంఠస్థమే. కాబట్టి మాటలు గుర్తుంచుకోవడానికి రాసుకునే కార్డు మీద హౌయ్స్ అని రాయకండి, ‘హెత్ హౌయ్స్’ అని రాయండి. హెత్ మాటలు ఒక రంగు సిరాతో, ద మాటలు ఇంకో రంగుతో. ఆంకీ వంటి కార్డుల ప్రోగ్రాంలోనూ ఇలా రంగులు పెట్టుకోవచ్చు. ఇది మొదటి రోజు నుంచీ చేయకపోతే ఐదొందల మాటల దగ్గర మళ్లీ మొదటికి రావాలి. ఎందుకంటే విశేషణం కూడా దీని మీదే ఆధారపడుతుంది. పెద్ద తోట ‘అన్ ఖ్రోత తౌయ్న్’, పెద్ద ఇల్లు మాత్రం ‘అన్ ఖ్రోత్ హౌయ్స్’. హెత్ మాట ముందు ‘ఒక’ వచ్చినప్పుడు విశేషణం చివరి ‘అ’ రాలిపోతుంది.

రోజుకు పదిహేను కొత్త మాటలకు మించి పెట్టుకోకండి. ఇరవై అయిదు పెట్టుకున్నవాళ్లకు మూడో వారానికి రోజూ రెండొందల కార్డుల పునశ్చరణ మీద పడుతుంది, ఆ గంట కాస్తా కార్డులకే సరిపోతుంది.

అంకెల్లో, గడియారంలో ఇబ్బంది చిన్నదే గానీ ఖరీదైనది. ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెబితే రాసుకునే చెయ్యి తారుమారవుతుంది. ‘హల్ఫ్ ద్రీ’ వింటే మూడున్నర అనిపిస్తుంది, కాదు, రెండున్నర. మూడుకు అరగంట తక్కువన్నమాట. ‘తీన్ ఫోర్ హల్ఫ్ ద్రీ’ రెండూ ఇరవై. (హిందీ వచ్చినవాళ్లకు ఇంకో పరీక్ష: ఇక్కడ తీన్ అంటే పది.) డాక్టరు అపాయింట్‌మెంటుకు గంట ఆలస్యంగా వెళ్లకుండా ఉండాలంటే ఇవి నోటికి రావాలి.

నువ్వు, మీరు తేడా యెయ్, యూ మాటల్లో ఉంది, అది మనకు చెప్పక్కర్లేదు. ‘తొఖ్’ మన ‘కదా’కు దగ్గర. ‘యె కొమ్త్ తొఖ్?’ అంటే వస్తున్నావు కదా? అలాగే ‘ఏవన్’ మన ‘కాస్త’. ‘కొమ్ ఏవన్’ అంటే కాస్త రా. ఇలాంటి చిన్న మాటలకు ఇంగ్లీషు అర్థం వెతికితే దొరకదు, తెలుగులో వెతకండి.

సమయం లెక్క. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ డచ్‌ను ఇంగ్లీషువాళ్లకు అన్నిటికన్నా తేలికైన వర్గంలో పెట్టి, ఉద్యోగ స్థాయికి 24 నుంచి 30 వారాల పూర్తికాలపు శిక్షణ లెక్కగట్టింది. రోజుకు గంట చదివేవాళ్లకు ఆ లెక్క వర్తించదు. యూరప్ భాషా స్థాయిల్లో (ఏ1, ఏ2, బీ1, బీ2 ఇలా పెరుగుతాయి) మొదటిదైన ఏ1కు సుమారు వంద గంటలు, ఏ2కు రెండొందల దాకా అనుకోండి. అంటే నాలుగు నెలలకు పరిచయాలు, కొనుగోళ్లు. ఎనిమిది నెలలకు రోజువారీ విషయాలు. ఏ2 దాటేదాకా టీవీ వార్తల జోలికి పోకండి. ఆ తర్వాత డచ్ ప్రజా ప్రసార సంస్థ ఎన్ఓఎస్ ఇచ్చే పిల్లల వార్తలు మంచి మెట్టు, స్పష్టంగా మాట్లాడతారు, బొమ్మలు అర్థాన్ని మోస్తాయి. అంతకుముందే చేయదగ్గవి కావాలంటే డచ్ సైటు ఊఫనన్ డాట్ ఎన్ఎల్‌లో ఉచిత అభ్యాసాలు ఉన్నాయి.

మాట్లాడటం సొంతంగా సగమే కుదురుతుంది. రోజూ మూడు నిమిషాలు ఫోన్లో మాట్లాడి రికార్డు చేసుకోండి, పాఠం ఆడియో పక్కన పెట్టి వినండి. రెండో నెల నుంచి వారానికి అరగంట మాట్లాడే మనిషిని వెతకండి. డచ్‌వాళ్లకు ఇంగ్లీషు బాగా వచ్చు, మీరు తడబడగానే మర్యాదకు ఇంగ్లీషులోకి మారిపోతారు. ‘మఖ్ ఇక్ నేదర్లంత్స్ ఊఫనన్?’ (డచ్ ప్రాక్టీసు చేయనా?) అన్న వాక్యం మొదటి వారంలోనే నోటికి రానివ్వండి. ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకుంటారు.

పరీక్ష కోసమైతే ముందే ఏ పరీక్షో తేల్చుకోండి. నెదర్లాండ్స్‌లో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఇన్‌బుర్ఖరింగ్ చట్టం (వలస వచ్చినవాళ్లు అక్కడి భాష, సమాజం నేర్చుకోవాలనే చట్టం) సాధారణంగా బీ1 స్థాయిని లక్ష్యంగా పెడుతుంది. కుటుంబం దగ్గరకు వెళ్లేముందు బయటి దేశంలో రాసే ప్రాథమిక పరీక్ష ఏ1 స్థాయిది. డచ్ రెండో భాషగా నేర్చుకున్నవాళ్లకు పెట్టే ప్రభుత్వ పరీక్ష (స్తాత్స్ఎక్సామన్) మొదటి విభాగం బీ1, రెండోది బీ2. ఇన్‌బుర్ఖరింగ్ పరీక్షకు అధికారిక సైట్‌లోనే నమూనా పత్రాలు ఉచితంగా దొరుకుతాయి. కోర్సు సగంలో ఉన్నప్పుడే ఒకటి చేసి చూడండి. మాట్లాడే భాగంలో ఎదురుగా మనిషి ఉండడు, కంప్యూటరు అడుగుతుంది, మైకులో జవాబు చెప్పాలి. ఫోన్లో రికార్డు చేసుకునే అలవాటు ఉన్నవాళ్లు అక్కడ బెదరరు.