సమాధానం: సైటో 9 రంగు వేశాక స్లైడంతా ఆకుపచ్చగా వెలగడం
బాక్టీరియా విడిగా కనిపించకుండా మీ స్లైడంతా ఆకుపచ్చగా వెలగడానికి కారణం, చాలావరకు, రంగు వేసే ముందు వదిలించని కల్చర్ మీడియమే (బాక్టీరియాను పెంచిన పోషక ద్రవం). అందులోని న్యూక్లియిక్ ఆమ్లాలు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) రెండు రంగులనూ పట్టుకుంటాయి: బాక్టీరియాను ఆకుపచ్చగా వెలిగించే సైటో 9నూ, చచ్చిన వాటిని ఎర్రగా చూపే ప్రొపిడియం అయొడైడ్‌నూ.

1. కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన ద్రవాన్ని పూర్తిగా తీసివేయండి.

2. అడుగున చేరిన కణాలను 0.85 శాతం ఉప్పు ద్రావణంలో కలిపి, మరోసారి తిప్పి, తిరిగి అదే ద్రావణంలోకి తీసుకోండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: అలవాటుకొద్దీ ఫాస్ఫేట్ బఫర్‌తో కడుగుతారు, కానీ అది రంగు పట్టడాన్ని తగ్గిస్తుంది కనుక దయచేసి దానిని వాడకండి.

3. రెండు రంగులూ కలిపి, చీకటిలో 15 నిమిషాలు ఉంచండి.

రంగులు సరిగా పట్టాయో లేదో పోల్చుకోవడానికి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గంటసేపు ఉంచి చంపిన కణాలకు కూడా ఇవే రంగులు వేసి చూడండి. అవి ఎర్రగా కనిపించాలి.