గాయాలు మానాయి.. కానీ దురద, వేడి తట్టుకోలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 41. మాది ఆత్రేయపురం. పూతరేకులు తీస్తాను. 14 నెలల కిందట కుండ కింద మంట చీర కొంగుకు అంటుకుని మెడ, ఛాతీ, కుడి చేయి కాలాయి. తొడ నుంచి చర్మం తీసి అతికారు. పుండ్లు మానాయి. కానీ రాత్రంతా దురద. కాస్త ఎండకే తల తిరుగుతోంది. మోచేయి పూర్తిగా చాపలేను. పొయ్యి చూస్తే గుండె దడ. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ఇంట్లోవాళ్లు ‘తగ్గిపోయిందిగా’ అంటున్నారు. ఇదంతా నా భ్రమేనా?

జవాబు: భ్రమ కాదమ్మా. మీరు చెప్పిన ప్రతి బాధకూ కారణం ఉంది. లోతుగా కాలిన చోట మచ్చ మెత్తబడి కుదురుకోవడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకూ చదివి వినిపించండి.

చర్మం లోతుగా కాలితే చెమట గ్రంథులూ పోతాయి. అతికిన చర్మంలో అవి మళ్లీ సరిగా పనిచేయవు. అంటే ఒంటి వేడి బయటికి పోయే దారి అంతమేర మూసుకుపోయినట్టే. పైగా మన డెల్టా ఉక్కపోతలో పట్టిన చెమట కూడా ఆరదు. తల తిరగడం అందుకే, మీ బలహీనత వల్ల కాదు. బయటి పనులు పొద్దెక్కకముందే ముగించుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి, మధ్యమధ్య తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోండి. మచ్చ మీద ఎండ పడనివ్వకండి, నల్లబడుతుంది.

నూనె గ్రంథులు కూడా పోవడంతో చర్మం పొడిబారుతుంది. దానికి తోడు కొత్తగా పెరిగే నరాలు దురద పుట్టిస్తాయి. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు మూడు నాలుగుసార్లు రాయండి. గోళ్లతో గోకకుండా అరచేత్తో తట్టండి. అలర్జీ మాత్రలకు తగ్గకపోతే నరాల దురదకు గాబాపెంటిన్ పనిచేస్తుంది. మత్తు, మోతాదు చూసుకోవాలి కాబట్టి మందుల దుకాణంలో అడిగి కొనుక్కోకండి, డాక్టర్‌తోనే రాయించుకోండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మీ మోచేయి. మచ్చ బిగిసి కీలును లాగేస్తోంది. ఈ వారమే ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఫిజియోథెరపీ, రాత్రిపూట కట్టుకునే స్ప్లింట్ (చేతిని చాపి ఉంచే గట్టి పట్టీ), ఒత్తిడి కలిగించే బిగుతు తొడుగు, సిలికాన్ షీట్లలో మీకేది అవసరమో వారు చూస్తారు. వీటితో సాగకపోతే చిన్న ఆపరేషన్‌తో బిగువు విడిపిస్తారు. మెడ తిప్పడంలో ఇబ్బంది ఉంటే అదీ చెప్పండి. ఎన్నేళ్ల తర్వాతైనా ఆ మచ్చ మీద పుండు పడి మూడు వారాల్లో మానకపోతే తప్పక చూపించాలి, అరుదుగా అది క్యాన్సర్‌గా మారవచ్చు.

మంటను చూస్తే దడ పుట్టడం కాలినవారిలో తరచూ చూసేదే, దానికి చికిత్స ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. కుండ దగ్గర కూర్చోవడం ఇప్పుడే వద్దు. రేకుకు నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడతపెట్టే పనితో మొదలుపెట్టండి. పొయ్యికి దూరంగా, ఫ్యాన్ కింద, రోజుకు గంటసేపు చాలు.